పచ్చటి పిలక బాగుందని వదిలేస్తే: ఆక్లాండ్‌లో ఒక చారల ఫ్లాక్స్ వరుస

2023 ఏప్రిల్‌లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ శివారు ఫ్లాట్ బుష్ నుంచి ఒక అక్క ఫోన్ చేశారు. "తమ్ముడూ, డ్రైవ్‌వే పక్కన మొక్కలు కొన్ని చచ్చిపోయాయి, కొన్ని మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. చచ్చినవి తీసేసి, ఈ బాగున్న వాటి నుంచే పిలకలు తీసి ఖాళీల్లో పెట్టేస్తే సరిపోతుంది కదా?" అన్నారు. వాట్సాప్‌లో ఫొటోలు కూడా పంపారు. చచ్చిపోయిన మూడు మొక్కల సంగతి ఫొటోలోనే సగం అర్థమైంది. ఆవిడ బ్రహ్మాండంగా ఉన్నాయన్న ఐదు మొక్కలే నాకు టెన్షన్ పెట్టాయి. వాటిలో ఎరుపు అంచు లేదు, వెన్నరంగు చార లేదు, నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ ఒక్కటే ఉంది.

నేను ఆక్లాండ్‌లో తోటపని మొదలుపెట్టి పదకొండేళ్లయింది. మాది దుగ్గిరాల దగ్గర పల్లె, పసుపు, అరటి పండే నేల. దుంప, పిలక, మొవ్వు అనే మాటలు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి ఇక్కడి ఫ్లాక్స్ పొదని అర్థం చేసుకోవడం నాకు కొంచెం తేలికైంది. ఈ కేసు రెండేళ్లు నడిచింది. నేను చేసిన తప్పుతో సహా మొత్తం రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది ఇంటిముందు ఈ మొక్కే ఉంటోంది, నేను వెళ్లిన చోటల్లా అదే పొరపాటు కనిపిస్తోంది.

ముందు మొక్క గురించి. ఫ్లాక్స్ అనగానే మనకి అవిసె గింజలు గుర్తొస్తాయి. అక్కవాళ్ల అమ్మగారు విజయవాడ నుంచి వీడియో కాల్‌లో ఈ పొద చూసి "గింజలు ఎప్పుడు కోస్తారమ్మా, బీపీకి మంచివట" అని అడిగారట. అవిసెకీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. అవిసె లైనమ్ జాతి మొక్క, ఇది ఫోర్మియమ్. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఇక్కడికొచ్చిన యూరప్‌వాళ్లు దీని ఆకుల్లోంచి ఇక్కడి మూలవాసులైన మావోరీలు తీసే మెరిసే నారని చూసి, తమ దేశపు అవిసె నారతో పోల్చి ఫ్లాక్స్ అనేశారు, ఆ పేరే ఉండిపోయింది. మావోరీలో పెద్ద రకం పేరు హరకెకె, శాస్త్రీయ నామం ఫోర్మియమ్ టెనాక్స్. దాని ఆకు మూడు మీటర్ల దాకా లేస్తుంది, బురద నేలలో, చిత్తడిలో కూడా నిలుస్తుంది. చిన్న రకం ఫరారికి, అంటే కొండ ఫ్లాక్స్, ఫోర్మియమ్ కుకియానమ్. ఇది సముద్రపు గట్టు రాళ్ల మీద, కొండవాలుల్లో పెరుగుతుంది, ఆకు మెత్తగా వంగి కిందికి వాలుతుంది. నర్సరీల్లో దొరికే రంగురంగుల రకాల్లో చాలావాటిలో ఈ కొండ రకం రక్తం ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మన కేసులో సగం జబ్బు ఇక్కడే ఉంది.

అక్క దగ్గర మొక్కల లేబుళ్లు లేవు. రకం ఏంటో తెలియకుండా వైద్యం మొదలుపెట్టడం నాకు ఇష్టం ఉండదు, అందుకని పోయిన ఎండాకాలపు పూల గెల ఒకటి ఎండి నిలబడి ఉంటే దాన్ని పట్టుకుని చూశాను. హరకెకె కాయలు ఆకాశం వైపు నిటారుగా నిలబడతాయి. ఇక్కడ కాయలు కిందికి వేలాడుతూ, తడిబట్ట పిండినట్టు మెలితిరిగి ఉన్నాయి. కొండ రకమే. మిగిలిన రంగుటాకులు ఆకుపచ్చ మీద వెన్నరంగు చారలు, సన్నటి ఎర్ర అంచుతో ఉన్నాయి కాబట్టి ట్రైకలర్ అని తేల్చుకున్నాను. తోటల్లో చాలాకాలంగా ఉన్న రకమే, బాగా పెంచితే కనువిందుగా ఉంటుంది.

ఇక స్థలం. గరాజ్ దగ్గర నుంచి రోడ్డు దాకా పదకొండు మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు వెడల్పున్న పట్టీ, రోడ్డు వైపుకి కొంచెం వాలు. 2020 అక్టోబర్‌లో ఎవరో కాంట్రాక్టర్‌తో నాటించారు, పదమూడు మొక్కలు, ఎనభై ఐదు సెంటీమీటర్లకొకటి. ట్రైకలర్ పొద మీటరుకి పైగా విచ్చుకుంటుంది, అంత దగ్గర నాటితే మూడో ఏటికే ఆకులు ఒకదాని మీద ఒకటి పడి మొదళ్లలోకి గాలి దూరదు. నాటిన రోజు నిండుగా కనిపించాలని అలా పెడతారు, ఫొటోకి బాగుంటుంది. కింద కలుపు రాకుండా నల్లటి వీడ్‌మ్యాట్, దానిపైన బెరడు ముక్కలు. మొక్కలన్నిటికీ నేను గరాజ్ వైపు నుంచి ఒకటి, రెండు అని నంబర్లు రాసిన పుల్లలు గుచ్చాను. చిన్న పనే గానీ, అలా రాసుకోకపోతే ఈ కేసు నాకు అర్థమయ్యేది కాదు.

నంబర్ల ప్రకారం లెక్క ఇదీ. గరాజ్ పక్కనున్న ఒకటో మొక్క పూర్తిగా ఆరోగ్యంగా, పూర్తి రంగుల్లో ఉంది. మూడు, నాలుగు, ఆరు, ఏడు, తొమ్మిది ఆకుపచ్చగా మారిపోయాయి, ఏడో దాంట్లో పద్నాలుగు పిలకలుంటే పదకొండు పచ్చవి, రంగువి మూడే, అవి కూడా లోపల నలిగిపోయి ఉన్నాయి. రెండు, ఐదు, ఎనిమిది, పది రంగులో ఉన్నాయి గానీ నీరసంగా, ఆకు మొదళ్లలో తెల్లగా పిండి. రోడ్డు వైపున్న పదకొండు, పన్నెండు, పదమూడు చచ్చిపోయాయి, ఆకు పట్టుకుని లాగితే మొవ్వుతో సహా చేతిలోకి ఊడొచ్చింది.

చచ్చిన వాటిని చూడగానే నాకు మొదట వచ్చిన భయం ఎల్లో లీఫ్ గురించి. ఇక్కడ ఫ్లాక్స్‌కి అదే పెద్ద జబ్బు. నువ్వుల్లో, వంగలో వెర్రి తెగులు తెచ్చే ఫైటోప్లాస్మా ఉంటుంది కదా, ఆ కోవకే చెందిన సూక్ష్మజీవి, మన వరి సుడిదోమ లాంటి ఒక దూకే పురుగు దాన్ని మోస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మనవాటు ప్రాంతపు చిత్తడి నేలల్లో వేల ఎకరాల ఫ్లాక్స్, దాని మీద బతికిన నార మిల్లులు, ఫాక్స్‌టన్ ఊరు ఈ తెగులుతో చాలా దెబ్బతిన్నాయి. మందు లేదు. ఆకులు కొసల నుంచి పసుపు, నారింజ రంగుకి తిరిగి, మొక్క గిడసబారి, చివరికి దుంప కుళ్లిపోతుంది. అక్క పంపిన ఫొటోల్లో పసుపు ఉంది కాబట్టి రాత్రంతా అదే ఆలోచన, అదే అయితే వరుస మొత్తం పీకి పారేయాలి, ఇంకోసారి అక్కడ ఫ్లాక్స్ పెట్టమని చెప్పలేను.

పుల్లల మీద నంబర్లే ఆ భయం తీర్చాయి. చావు పల్లం నుంచి మొదలై మెరక దగ్గర ఆగిపోయింది. పురుగు మోసే తెగులైతే వాలు చూసుకుని రాదు. పన్నెండో మొక్క కింద వీడ్‌మ్యాట్ కోసి పారతో ఒక మట్టిపెళ్ల లేపాను. పైన పది సెంటీమీటర్లు నల్లమట్టి, అది బిల్డర్ ఇల్లు కట్టాక పైన పరిచింది. దాని కింద యంత్రాలు తిరిగి తిరిగి సిమెంటులా గట్టిపడ్డ బంకమట్టి, నీలంతో కలిసిన బూడిదరంగులో, కుళ్లిన గుడ్డు వాసనతో. ఆ రంగూ ఆ వాసనా అంటే చాలాకాలంగా అక్కడ గాలి ఆడలేదు, నీళ్లు నిలబడి ఉన్నాయి. మొక్క వేర్లు నల్లగా ఉన్నాయి, చేతివేళ్లతో నలిపితే పైతోలు గొట్టంలా ఊడి లోపలి దారం మిగిలింది. పసుపు చేలో దుంపకుళ్లు వచ్చిన మొక్కని పీకినప్పుడు చేతికి తగిలే ఆ జారుడు నాకు బాగా తెలుసు, ఇరవై ఐదేళ్ల తర్వాత ఇంకో దేశంలో అదే తగిలింది. ఒకటో మొక్క కింద తవ్వితే బిల్డర్ వదిలేసిన ఎర్ర రాయి చూర, స్కోరియా, చేటెడంత దొరికింది. అది బతికి ఉన్న కారణం అదే.

నిర్ధారించుకోవడానికి పట్టీ మధ్యలో ముప్పై సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి సాయంత్రం నీళ్లు నింపి వెళ్లాను. పొద్దున వచ్చి పుల్ల పెట్టి కొలిస్తే ఇంకా ఇరవై సెంటీమీటర్లు ఉన్నాయి. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, మొక్క కొనేముందు ఎవరైనా చేసుకోవచ్చు. ఆ ఏడాది జనవరి 27న ఆక్లాండ్‌లో ఒక్క రోజులో రెండు వందల మిల్లీమీటర్లు దాటి వాన పడింది, ఫిబ్రవరి మధ్యలో గాబ్రియెల్ తుఫాను వచ్చింది. అక్క "వరదలోనే పోయాయి తమ్ముడూ" అన్నారు. వరద చివరి దెబ్బ కొట్టిన మాట నిజమే, కానీ ఆ వేళ్లు అంతకు ముందు రెండు చలికాలాల నుంచీ మునిగి తేలుతూనే ఉన్నాయి. ఫ్లాక్స్ అంటే చిత్తడిలో పెరిగేదేగా అని నాటినవాళ్లు అనుకుని ఉంటారు. ఆ మాట హరకెకెకి చెల్లుతుంది, రాళ్ల మీద పెరిగే ఫరారికికి చెల్లదు.

పచ్చబడిన ఐదింటి సంగతి వేరే, దానికి నేలతో సంబంధం లేదు. ఈ చారల ఆకు ఎలా వస్తుందో తెలిస్తే అర్థమవుతుంది. మొవ్వు కొసలో కణాలు పొరలు పొరలుగా ఉంటాయి, వాటిలో కొన్నిటికి పత్రహరితం తయారు చేసే శక్తి ఉండదు, ఆ కణాల నుంచి వచ్చిన భాగం వెన్నరంగు చారగా కనపడుతుంది. ఒకే మొక్కలో రెండు రకాల కణాలు సర్దుకుని బతుకుతున్నాయన్నమాట. దుంప మీద కొత్త పిలక పుట్టే చోట పచ్చ కణాలు మాత్రమే పడితే ఆ పిలక జీవితాంతం పచ్చగానే వస్తుంది, దాని నుంచి పుట్టేవన్నీ పచ్చవే. పైగా ఆకు మొత్తం వంట చేసుకునేది కాబట్టి చారల పిలక కంటే వేగంగా, ఎత్తుగా, లావుగా పెరుగుతుంది, ఎండని కప్పేస్తుంది, దుంపలో చోటు ఆక్రమిస్తుంది. మూడు నాలుగేళ్లలో పొద మొత్తం మామూలు ఆకుపచ్చ ఫ్లాక్స్. నర్సరీ మోసం చేసిందని అనుకునేవాళ్లని కూడా చూశాను.

అక్క 2022లోనే మొదటి పచ్చ పిలక చూశారట. మిగిలినవి నీరసంగా ఉంటే ఇదొక్కటి కళకళలాడుతోందని సంతోషపడి, దాని మొదట్లో ప్రత్యేకంగా ఎరువు వేసి, వాళ్లమ్మాయికి కూడా చూపించారట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆవిడ ముఖం చూసి నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. మొక్కని ప్రేమించే మనిషి ఎవరైనా చేసే పనే అది, ఎదుగుతున్న దానికి నీళ్లు పోస్తాం. చారల ఫ్లాక్స్‌లో మాత్రం బాగా ఎదుగుతున్నదే మిగతా పొదని తినేస్తుంది, ఈ ఒక్క సంగతి చెప్పడానికే నేనింత రాస్తున్నది.

నాలుగు మొక్కల్లో కనిపించిన తెల్లపిండి పిండినల్లి. ఫ్లాక్స్ ఆకు మొదట్లో మడతపెట్టిన పుస్తకంలా ఉంటుంది, ఆ మడత లోపల దాక్కుంటుంది, పైనుంచి ఏమీ కనపడదు. రెండు చేతులతో పిలకని విప్పి చూస్తేనే తెల్లని మైనపు పొడి, దాని కింద గులాబీరంగు చిన్న పురుగులు. ఇరుకు, గాలి లేకపోవడం, నత్రజని ఎక్కువున్న ఎరువు, మూడూ కలిసి దానికి పండగ.

పని మే నెలలో మొదలుపెట్టాం. ఇక్కడ అది శరత్కాలం, నేలలో ఇంకా వెచ్చదనం ఉంటుంది, వానలు మొదలవుతాయి, పొద విడదీయడానికి మంచి సమయం. మొదట నీళ్లు బయటికి తీసే చిల్లుల పైపు వేద్దామన్నాను, కానీ దాన్ని వాననీటి కాలవకి కలపాలంటే లైసెన్స్ ఉన్న డ్రైన్‌లేయర్ రావాలి, ఆ ఖర్చు అక్కవాళ్ల బడ్జెట్‌లో లేదు. అందుకని నేలని బాగు చేసే బదులు మొక్కనే పైకి లేపాలని నిర్ణయించుకున్నాం. మన దగ్గర పసుపుకి బోదెలు ఎందుకు తోలతారో అందుకే. వీడ్‌మ్యాట్ అంతా చీరి పారేశాం, బంకమట్టిని గడ్డపారతో గుల్ల చేశాం, మట్టిలో ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాయి, స్కోరియా కలిపి ముప్పై ఐదు సెంటీమీటర్ల ఎత్తు గట్టు పోశాం. ఆక్లాండ్ ఊరే యాభైకి పైగా చిన్న అగ్నిపర్వతాల మధ్య కట్టింది కాబట్టి స్కోరియా ఇక్కడ సులువుగా దొరుకుతుంది.

పొదల్ని లేపి దుంపల్ని కడిగి నేల మీద పరిస్తే అప్పుడు కనపడింది అసలు రూపం. ఏడో మొక్కలో పచ్చ పిలకల దుంప నా మణికట్టు అంత లావు, పక్కనే చారల పిలకది బొటనవేలంత. వాటి మధ్య సన్నటి మెడలా ఉన్న చోట పాత రంపపు కత్తితో కోశాను. ఒక్కో ముక్కలో రెండు మూడు రంగు పిలకలు, కాసిన్ని తెల్లటి బతికున్న వేళ్లు ఉండేట్టు చూశాం. వేళ్లు తగ్గాయి కాబట్టి ఆకుని కూడా తగ్గించాలి, మధ్యలో ఎత్తుగా పక్కలకి వాలుగా గుడిసె కప్పులా సగానికి కత్తిరించాం. కోసిన గాయాలు ఆరడానికి ఒకటిన్నర రోజు గరాజ్ నీడలో పెట్టాం. ఒకటో మొక్కని కదపలేదు. ఐదు, ఎనిమిది పిండినల్లితో పూర్తిగా పాడైపోయాయి, పారేశాం. రెండు, పది పిలకల్ని బయటి ఆకులు ఒలిచి పైపు నీళ్లతో మడతల్లోకి గట్టిగా కొట్టి కడిగి, హార్టికల్చర్ ఆయిల్ కొట్టాం. వేళ్లలోంచి మొక్క ఒంట్లోకి పాకే మందులు వాడదామని అక్కవాళ్లాయన అడిగారు, నేను ఒప్పుకోలేదు. ఫ్లాక్స్ పూలలో తేనె తాగడానికి టూయి పిట్టలు వస్తాయి, తలమీద నారింజ పుప్పొడి పూసుకుని వెళ్తాయి, తేనెటీగలు వస్తాయి. పూసే మొక్కకి ఆ మందు పెట్టను.

మొత్తం పట్టీలో పదమూడుకి బదులు ఎనిమిది, మధ్యలో మీటరు ముప్పై పైన ఎడం. దుంప మెడ మట్టికి కొంచెం పైకే ఉండేట్టు నాటాం, బెరడు ముక్కలు మొదలు నుంచి జానెడు దూరంలో. ఆరు నెలలు ఎరువు లేదు. ఖాళీగా కనిపిస్తోందని బావగారు రెండు వారాలు నసిగారు, అది మామూలే.

చెత్త సంగతి కూడా చెప్పాలి, ఇది ఎవరూ ముందు చెప్పరు. ఫ్లాక్స్ ఆకుని ఇక్కడ చాలా చోట్ల గార్డెన్ బిన్‌లో వేయనివ్వరు. ఆ నార కుళ్లదు తొందరగా, ముక్కలు చేసే మిషన్ ఇరుసుకి తాడులా చుట్టుకుని ఆపేస్తుంది. గడ్డి కోసే తీగ మిషన్‌తో ఈ పొదని కొట్టబోయి మిషన్ కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు. ఒక ట్రైలర్ నిండా వేరే చెత్తగా డబ్బు కట్టి పంపాల్సి వచ్చింది. పొద కత్తిరింపుకి ఒప్పుకునేముందు ఈ ఖర్చు అడిగి తెలుసుకోండి.

కొంత ఆకు పక్కింటి పెద్దావిడ తీసుకున్నారు. ఆవిడ మావోరీ, బుట్టలు అల్లుతారు. ఈ రంగు రకాల నార అల్లికకి బలం చాలదు, మనవలకి పూలు చేయడం నేర్పడానికి పనికొస్తాయి అన్నారు. నేను ఆకు కోస్తున్న తీరు కాసేపు చూసి, నా చేతిలో కత్తి తీసుకుని చూపించారు. మధ్యలో ముడుచుకుని ఉన్న మొవ్వుని వాళ్లు రితో అంటారు, అది బిడ్డ. దానికి అటూ ఇటూ ఉన్న రెండు ఆకులు తల్లీతండ్రీ, ఆ మూడింటినీ ముట్టుకోరు. వాటి బయట ఉన్నవి తాతలూ అవ్వలూ, కోసేది వాటినే. కత్తిని మొవ్వు వైపు నుంచి బయటికి, కిందికి ఏటవాలుగా లాగాలి, అప్పుడు వాన నీరు మొవ్వులోకి పోకుండా బయటికి జారిపోతుంది. నేను అన్నేళ్లుగా అడ్డంగా కోస్తున్నాను. ఆవిడ చేత్తో కోసిన మొదలు చూస్తే పలకమీద గీత గీసినట్టుంది. ఆ రోజు నుంచి ఏ తోటలోనైనా నేను అలాగే కోస్తున్నాను, పైనుంచి జుట్టు కత్తిరించినట్టు ఆకు కొసలు కోసే పని మానేశాను. అలా కోసిన ఆకు ఎలాగూ కొసన ఎండి గోధుమరంగుకి తిరిగి ఏడాది పొడుగునా అసహ్యంగా ఉంటుంది.

ఇక నా తప్పు. నాలుగో మొక్క లేపినప్పుడు పొద్దుపోయింది, వాన మొదలైంది. ఒక రంగు పిలకకి ఆనుకుని ఉన్న చిన్న పచ్చ పిలకని దుంపతో సహా విడదీస్తే రంగు పిలక కూడా చితికిపోతుందేమోనని కత్తెరతో నేల మట్టానికి కోసి నాటేశాను. సెప్టెంబర్ చివర్లో వెళ్లి చూస్తే అదే చోట మూడు పచ్చ పిలకలు. అరటి పిలకని పైన నరికితే మళ్లీ లేస్తుందని, గెడ్డతో సహా తవ్వాలని నాన్న వందసార్లు చెప్పి ఉంటారు. మళ్లీ మట్టి తీసి, పిలకని పక్కకి వంచి దుంప దగ్గర కన్నుతో సహా చీల్చి తీశాను. ఈసారి రాలేదు. పచ్చ పిలకని కోయకూడదు, చీల్చాలి, ఇరవై సెంటీమీటర్లు దాటకముందే. చిన్నగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో పట్టి కిందికి, బయటికి లాగితే దానంతటదే వచ్చేస్తుంది.

కొత్తగా నాటిన ఏడింటిలో ఆరు నిలిచాయి. ఐదో స్థానంలోది ఆగస్టులో పోయింది, తీసి చూస్తే వేళ్లు సరిగా లేని ముక్క, ఆశపడి నాటాను. వసంతంలో ఒకటో మొక్క నుంచి ఒక పిలక తీసి అక్కడ పెట్టాం. 2024 ఫిబ్రవరికి ఎనిమిదీ మోకాలి ఎత్తు దాటాయి, ఎర్ర అంచు స్పష్టంగా వచ్చింది. పిండినల్లి పదో మొక్క నుంచి వచ్చిన వాటిలో ఒకదాంట్లో మళ్లీ కనిపించింది, రెండుసార్లు కడిగి నూనె కొడితే సర్దుకుంది, కానీ దాన్ని నేను ఇంకా నమ్మను, వెళ్లినప్పుడల్లా మడత విప్పి చూస్తాను. గొంగళిపురుగు కొరికిన గాట్లు ఆకు అంచుల్లో కొన్ని ఉన్నాయి, అది ఇక్కడి చిమ్మట పని, ఈ నేలలో దీనితో పాటే పుట్టిన పురుగు. దానికి నేనేమీ చేయను.

పారేయడానికి అక్కకి మనసొప్పని పచ్చ పిలకల మాట మర్చిపోయాను. అవి ఆరోగ్యమైన మొక్కలే, ఈ వరుసలో ఉండకూడదు, అంతే. ఇంటి వెనక ఫెన్స్ దగ్గర ఏటవాలు గట్టు ఉంది, ఏమీ పెరగక మట్టి జారిపోతుండేది, అక్కడ తొమ్మిది నాటాం. కొండ రకానికి వాలు నేల అంటే పుట్టిల్లే. పోయిన నవంబర్‌లో వాటిలో రెండు పూసాయి, పొద్దున్నే టూయి వచ్చి గెల మీద తలకిందులుగా వేలాడుతోందని అక్క వీడియో పంపారు, వెనకాల బావగారి గొంతు "కదలకు, కదలకు" అని వినిపిస్తోంది.

హైదరాబాద్, విజయవాడ నుంచి ఈ మొక్క పంపగలవా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. ఇది చల్లటి, తేమగల గాలిలో పెరిగే మొక్క, మన మే నెల వడగాలికి, వేడెక్కిన నేలకి నిలవదు, వేరు ముందు ఉడికిపోతుంది. ఆ చారల ఆకు అందమే కావాలంటే కడియం నర్సరీల్లో చారల డయానెల్లా దొరుకుతుంది, అది ఫోర్మియమ్ కుటుంబంలోదే, కాస్త నీడ ఉన్నచోట పెట్టండి. ఎండలో అయితే చారల పాండానస్, మన మొగలికి చుట్టం. వీటిలో కూడా పచ్చ కొమ్మ వస్తే అదే సూత్రం, మొదట్లోనే తీసేయాలి.

ఈ నెల, 2025 ఏప్రిల్‌లో, రెండేళ్ల తనిఖీకి వెళ్లాను. ఎనిమిది మొక్కల్లో కలిపి మొత్తం ముప్పై నాలుగు పిలకలు, అన్నీ రంగువే. నేను లెక్కపెడుతుంటే అక్క వచ్చి, "నిన్ననే ఒకటి పీకేశాను తమ్ముడూ, చూడు" అని గరాజ్ మెట్టు మీద ఆరబెట్టిన వేలెడంత పచ్చ పిలక చూపించారు, కింద కన్ను చెక్కుచెదరకుండా ఉంది. మూడో మొక్కలో ఒక పిలక మాత్రం నాకు తేలలేదు. ఒక పక్క ఆకులకి చార ఉంది, రెండో పక్క ఆకులు పూర్తి పచ్చ. ఇలాంటిది పచ్చ పక్క నుంచి కన్ను వేస్తే పచ్చదే పుడుతుంది, చార పక్క నుంచి వేస్తే బతికిపోతుంది. ఇప్పుడే తీయడానికి చేయి రాలేదు. మొదట్లో ఎర్ర దారం కట్టి, ఇంకో మూడు ఆకులు వచ్చేదాకా ఆగమని చెప్పి వచ్చాను. జులైలో మళ్లీ వెళ్తాను.